దబ్బనం కాయితాన్ని తినదు

మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీ సర్వీసంతటిలో మీకు బాగా గుర్తున్న పని ఏది?" అని అడిగింది. ఏదో గొప్ప సంగతి చెబుతానని ఆశపడి ఉంటుంది పాపం. నాకు గుర్తున్నది ఒక కన్నం. ఆవగింజంత కన్నం. దాన్ని పొడిచింది నేనే. ఫోన్లో అదంతా చెబితే ఆ అమ్మాయికి మతిపోతుందని, "రాసి పంపుతాలే తల్లీ" అన్నాను. ఇదుగో, ఇప్పుడు రాస్తున్నాను. రాస్తుంటే నాకే మళ్ళీ అయోమయంగా ఉంది.

నేను బైండర్ని. ఆఫీసు పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. మూతపడిన ఊరి బడుల అడ్మిషన్ రిజిస్టర్లు మా రికార్డు గదికి చేరేవి. అవి విడిపోతే కుట్టడం నా పని. నా కుట్టంటే ఆఫీసులో మంచి పేరుండేది. పద్ధతి చాలా సులువు. కాగితాల కట్టను బల్ల మీద పెట్టి, పేజీలు కలిసే వీపుకు బొటనవేలంత ఇవతల దబ్బనంతో పైనుంచి కిందికి పొడిచి, గోనె దారం బిగించి, వీపుకు తెల్ల గమ్ముతో మందపాటి కాన్వాసు గుడ్డ అంటించేసేవాణ్ణి. "గోడకేసి కొట్టండి, విడిందంటే నన్నడగండి" అని సవాలు కూడా చేసేవాణ్ణి. నిజమే, విడదు. తెరుచుకోదు కూడా. ఆ రెండో సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా, ఒక రోజు నా తోటి రికార్డు క్లర్కు ఒక రిజిస్టరు పట్టుకొచ్చి నా బల్ల మీద పడేశాడు. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు గానీ మొదటి రోజునుంచీ నన్ను బావా అనే పిలిచేవాడు.

"బావా, యారాడ నుంచి ఓ ముసలావిడ తిరగతన్నాది. ఈ పుస్తకంలో ఆవిడ పుట్టిన తేదీ కావాలంట. నాకు కనబళ్ళేదు, నువ్వోపాలి సూడు."

ఆవిడ వెనకే నిలబడి ఉంది. చేపలమ్మే మనిషి. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో ఉండి ఆ బడికి వెళ్ళిందట.

"రెండో తరగతి దాకా సదివేను బాబూ, తరవాత ఒగ్గీసేను. కార్డులో వయసు ఏసినోడు నానేటి సెప్పినా ఇన్నేదు. మొకం సూసి ఏసీసేడు."

"మొహం చూసి వయసు వేశాడా?"

"అవును మరి. అప్పుడు నిగనిగలాడేదాన్ని."

అలా వేసిన వయసు వల్ల ఆవిడకు ముసలితనపు పింఛను రావడం లేదు. అసలు వయసు తేలాలంటే ఈ రిజిస్టరొక్కటే దిక్కు. తెరిచాను. ఆవిడ పేరు ఉంది, తండ్రి పేరు ఉంది. పుట్టిన తేదీ గడి మాత్రం ఎడమ పేజీలో చిట్టచివర, కుట్టు పక్కన. రెండు చేతులతో పేజీని లాగితే రోజు కనిపించింది, నెల కనిపించింది. ఆ తరవాత కాగితం నా గోనె దారం కిందికి దూరిపోయింది. ఇంకాస్త లాగితే చిరిగి చేతికొస్తుంది.

"నా పేరుంది గదా, తేదీ ఏటయినట్టు?" అంది ఆవిడ.

"లోపలుందమ్మా."

"లోపలంటే?"

పుస్తకం మూసి వీపు చూశాను. ఆ కుట్టు నాదేనని చూడగానే గుర్తుపట్టాను. ఇరవై ఏళ్ళ కిందటి నా కాన్వాసు, నా గమ్ము. ఆవిడ నాలుగేళ్ళుగా తిరుగుతోందని, ప్రతిసారీ "తేదీ కనబడుట లేదు" అని రాసి పంపేశారని క్లర్కు తరవాత చెప్పాడు.

మా ఆఫీసరు మేడం రిజిస్టరు చూసి ఒకటే మాట అన్నారు. "దీన్ని విప్పండి. కాగితం చిరగకూడదు. మళ్ళీ పూర్తిగా తెరుచుకునేలా కుట్టండి. మీరు రిటైరయ్యేలోపు." సరే మేడం అన్నాను. ఎలాగో నాకు తెలిస్తే కదా! ద్వారకా నగర్‌లో బైండింగ్ షాపులన్నీ తిరిగాను. "కొత్తది ప్రింటు తీయించుకోండి సార్" అని నవ్వారు. ఒకాయన మాత్రం పాత టౌనులో ఒక పెద్ద సాయిబు ఉన్నాడని, లావుపాటి పుస్తకాలు ఇప్పటికీ పాత పద్ధతిలోనే కడతాడని చెప్పాడు.

ఆఫీసు రికార్డు బయటికి తీసుకెళ్ళకూడదు. అందుకని ఫోన్లో ఫొటోలు తీసుకుని, కాన్వాసు చివర ఊడిన చిన్న ముక్క ఒకటి, దానికి వేలాడుతున్న దారంతో సహా కాగితంలో చుట్టుకుని వెళ్ళాను. ఉస్తాద్ ఇంటి ముందుగదే ఆయన దుకాణం. డెబ్బై దాటిన మనిషి. ఫొటోలు చూశాడు, కాన్వాసు ముక్క తిప్పి తిప్పి చూశాడు, దారం ముడిని గోటితో గీరాడు.

"ఏ కసాయోడు కుట్టేడు బాబూ దీన్ని?"

"నాకంటే ముందున్నాయనండి" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోయింది. ఆయన ఆ ముక్కను అలమరాలో పెట్టేసి, "రేపట్నుంచి సాయంత్రాలు రా" అన్నాడు.

పుస్తకం వీపు మీద గుడ్డ, దాని మీద కాగితం అంటించడాన్ని ఉస్తాద్ అస్తరు అనేవాడు. చొక్కాకు లోపల వేస్తామే, ఆ మాటే. నేను ముప్పై ఏళ్ళుగా వేసింది అస్తరు కాదట, పలుపుతాడట. సరే, పడ్డాను. కానీ నేర్చుకోవడం మొదలెట్టాక అసలు కష్టం తెలిసింది. ఉస్తాద్ ఏ రోజూ ముందురోజు చెప్పింది చెప్పేవాడు కాదు.

మొదటి రోజు అతికించడానికి మైదా పలచగా ఉడికించమన్నాడు, ఉడికించాను. రెండో రోజు అలాగే ఉడికిస్తే వేలు ముంచి చూసి, "ఇదేటి, మజ్జిగా?" అన్నాడు. కొత్త మల్మల్ గుడ్డ కొని తీసుకెళితే విసిరేసి, "దీన్ని ఉతికి తే" అన్నాడు. ఉతికి తెస్తే "ఇంకా ఉతుకు" అన్నాడు. మా ఆవిడ ఆ గుడ్డను మూడుసార్లు గంజి పోయేదాకా ఉతికి, "చీరలు కూడా ఇన్నిసార్లు ఉతకలేదు, ఏం చదువండీ ఇది?" అంది. నేను బుద్ధిమంతుడిలా ఒక నోటుబుక్కు కొని సూత్రాలు రాసుకున్నాను. అస్తరు కాగితం నిలువుగా వేయాలి, అని రాసుకున్నాను. రాసిన మూడో రోజు ఆయన అదే కట్టలోంచి ఇంకో కాగితం తీసి అడ్డంగా వేశాడు. కొట్టేసి అడ్డం అని రాశాను. మర్నాడు మళ్ళీ నిలువు. ఆ పేజీ మీద కొట్టివేతలే మిగిలాయి.

"ఉస్తాద్, నిలువా అడ్డమా? ఏదో ఒకటి చెప్పండి. నా బుర్ర తిరిగిపోతోంది" అన్నాను ఒక రోజు, కాస్త గట్టిగానే.

"నన్నెందుకడుగుతావు? కాయితాన్ని అడుగు."

"కాయితం మాట్లాడుతుందా?"

"నువ్వు ఇంటే గదా!"

వేళాకోళమాడుతున్నాడనుకున్నాను. వారం రోజులు మానేశాను కూడా. వయసైపోయినాయన మరిచిపోయి ఏదో ఒకటి చెబుతున్నాడని ఇంట్లో అన్నాను. మళ్ళీ వెళ్ళింది వేరే దిక్కులేక. ఆ రోజు ఆయన ఒక న్యూస్ పేపర్ ఇచ్చి చింపమన్నాడు. పైనుంచి కిందికి చింపాను, గీత గీసినట్టు చిరిగింది. అడ్డంగా చింపాను, వంకరటింకరగా పోయింది. మీరూ చింపి చూడండి, కావాలంటే. కాగితానికి ఒక వాలు ఉంటుంది. చెక్కకి నారలా. వీపు పొడవునా ఆ వాలు ఉండాలి, అంతే. షీటు నిలువా అడ్డమా అన్నది లెక్కే కాదు. ఒక్కో షీటును మిల్లులో ఒక్కోలా కోస్తారు కాబట్టి ఆయన చెయ్యి ఒక్కోరోజు ఒక్కోలా తిరిగేది. చిన్న ముక్క చింపి పెదవికి ఆనించి తడిపేవాడు. అది ఎటు చుట్టుకుంటే దాన్నిబట్టి వాలు తెలుస్తుంది. ఇన్ని రోజులూ ఆయన అలవాటుగా కాగితం నాకుతున్నాడనుకున్నాను నేను! మైదా సంగతీ అంతే. సముద్రం మీదనుంచి తడిగాలి కొడితే చిక్కగా, పొడిగాలి ఉంటే పలచగా. కిటికీలోంచి గాలి చూసి చెప్పేవాడు. నేను గిన్నెలోకి చూసేవాణ్ణి.

అర్థమైందని చెబితే సంతోషిస్తాడనుకున్నాను. "ఆ నోటుబుక్కు ఇలాగియ్యి" అని తీసుకుని, దాని ఖాళీ పేజీలు అస్తరుకు కోసేశాడు.

ఆరు నెలలు చిత్తు పుస్తకాల మీద చేయించాక, "ఇప్పుడెళ్ళి దాన్ని ముట్టుకో" అన్నాడు. ఆఫీసులో నా బల్ల మీద రిజిస్టరు పెట్టి, వీపు మీద మైదా పట్టు వేసి, గమ్ము మెత్తబడేదాకా ఆగి, చెక్క బద్దతో కొంచెం కొంచెం గీకాను. నాలుగు రోజులు పట్టింది. కాన్వాసు ఊడింది. దారం కత్తిరించి ఒక్కో పోగు లాగాను. ఆవిడ పేజీ, మంచం మీద దుప్పటి పరిచినట్టు, మొదటిసారి పూర్తిగా పరుచుకుంది. పుట్టిన తేదీ చూశాను. రోజు, నెల, సంవత్సరంలో మొదటి మూడంకెలు.

నాలుగో అంకె ఉండాల్సిన చోట కన్నం ఉంది.

నా దబ్బనం పోటు. సరిగ్గా అంకె మీద దిగింది. పైన చిన్న కొక్కెంలాంటి వంపు మాత్రం మిగిలింది. రెండు కావచ్చు, ఏడు కావచ్చు. రెండైతే ఆవిడకు పింఛను ఎప్పుడో రావాలి. ఏడైతే మొహం చూసి వేసినవాడి వయసే సరైనదవుతుంది. చుట్టూ చూశాను, క్లర్కు టీకి వెళ్ళాడు. రిజిస్టరు మూసి బీరువాలో పెట్టేశాను.

ఇక్కడే మీకు ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. నాకు మూడు నెలల సర్వీసుంది. రికార్డు పాడుచేశానని ఒక కాగితం ఫైల్లోకి ఎక్కితే నా పింఛను కాగితాలు ఆగుతాయి. నా పింఛనా, ఆవిడ పింఛనా? పోనీ అది ఏడేనేమో, ఎందుకీ గొడవ అనిపించేది. కాదు, రెండేనేమో అనిపించేది. రాత్రి ఒకటి, పొద్దున ఒకటి. భయంగా ఉండేది, సిగ్గుగానూ ఉండేది. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తొమ్మిది రోజుల్లో ఆవిడ రెండుసార్లు వచ్చింది, బస్సులు మారి.

"ఇంకా మైదా ఆరలేదమ్మా. సముద్రపు గాలి కదా" అన్నాను.

"మా ఊళ్ళో సేపలే రెండ్రోజుల్లో ఎండిపోతన్నాయి బాబూ. మీ మైదాకేటొచ్చింది?" అంది. క్లర్కు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు.

పదో రోజు ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి, "ముందున్నాయన పోటు అంకె మీద పడిందండి" అని మొదలుపెట్టాను. ఆయన అలమరాలోంచి రెండు వస్తువులు తీసి నా ముందు పెట్టాడు. ఒకటి నేను మొదట తెచ్చిన కాన్వాసు ముక్క. రెండోది నేను ఆయన దగ్గర కుట్టిన మొదటి చిత్తు పుస్తకం.

"రెండు ముళ్ళూ సూడు. ఎడం సేతివాటం ముడి. ముందున్నాయనక్కూడా ఎడంసెయ్యేనా?"

నాది ఎడమచేతి వాటం. ఆయనకు మొదటి వారమే తెలిసిపోయింది. ఆరు నెలలు ఏమీ తెలియనట్టే నేర్పాడు. ఎందుకు నేర్పాడో నాకు అర్థం కాలేదు. "తెలిసీ ఎందుకు నేర్పారు?" అనే అడిగాను. "మరి ఇంకెవరికి నేర్పాల? ఇప్పాల్సింది నువ్వే గదా" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళొచ్చేశాయి. మొత్తం చెప్పేశాను.

"అంకె పోయింది ఉస్తాద్."

"ఎక్కడికి పోతాది? కన్నాలు కొట్టే మిషనైతే కాయితాన్ని తినేత్తాది. దబ్బనం తినదు బాబూ, పక్కకి తోసేత్తాది అంతే. తోసింది అక్కడే ఉంటాది. మీ మేడం గారి ముందు సెయ్యాల ఈ పని. సాటుగా సేత్తే దొంగపని అవుతాది."

మర్నాడు ఒక తెల్లకాగితం మీద, 'ఈ రిజిస్టరును పక్కనుంచి పొడిచి కుట్టినవాణ్ణి నేనే, ఈ కన్నం నా దబ్బనం వల్ల పడినది' అని రాసి సంతకం పెట్టి మేడం బల్ల మీద పెట్టాను. ఆవిడ చదివి, పేజీ చూసి, కళ్ళజోడు తీశారు.

"సరిగ్గా ఆ అంకె మీదే పడిందేంటండీ? మీరూ ఆవిడా కలిసి పొడిచారని రేపెవరైనా అంటే?"

నాతో వచ్చిన ఉస్తాద్ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఆయన పక్కన నేలమీద నేను కబురు పెడితే వచ్చిన యారాడ ఆవిడ. ఉస్తాద్ లేచి వచ్చి, విడిపోయిన పేజీలన్నీ కట్టగా సవరించి, అంచులు బల్లకు కొట్టి సమం చేసి, దబ్బనాన్ని ఆ కన్నంలో నిలబెట్టి వదిలేశాడు. ఎక్కడా ఆగకుండా చివరి పేజీ దాకా దిగింది. దానికి పైన, కింద, వరసగా అలాంటివే మరో నాలుగు కన్నాలు. నా కుట్టు మొత్తం అక్కడ సాక్ష్యం చెప్పింది. మేడం తల ఊపారు. "ఈ కాగితం నేను ఫైల్లో పెట్టాల్సిందే. తెలుసు కదా?" అన్నారు. తెలుసు మేడం అన్నాను.

ఉస్తాద్ స్టీలు టిఫిన్ డబ్బాలో మైదా, పలచటి కాగితం, నున్నటి ఎముక బద్ద తెచ్చాడు. తెచ్చి నా ముందుకు తోశాడు.

"మీరు చెయ్యండి ఉస్తాద్. నా చేతులు వణుకుతున్నాయి."

"నా సేతులు పదేళ్ళ నుంచీ వణుకుతన్నాయి. నువ్వే పొడిసేవు, నువ్వే మూయాల."

పేజీని బోర్లా తిప్పాను. వేలు ఆనిస్తే కన్నం చుట్టూ చిన్న గరుకు తగిలింది. దబ్బనం అవతలికి తోసిన కాగితపు నారలు అవి. తడి ఎక్కువైతే సిరా చెదిరి ఉన్నది కూడా పోతుంది. తక్కువైతే నారలు కదలవు. కిటికీ వైపు చూశాను, గాలి పొడిగానే ఉంది. పలచటి కాగితం చిన్న ముక్క చింపి, పెదవికి ఆనించి, ఎటు చుట్టుకుంటుందో చూశాను. క్లర్కు గుమ్మంలోంచి వింతగా చూస్తున్నాడు. వేలి చివర దాదాపు ఆరిపోయిన మైదా తీసుకుని గరుకు మీద అద్ది, ఒక్కో నారనూ సూది మొనతో లోపలికి నెట్టి, ఎముక బద్దతో మెల్లిగా రాసి, పలచటి కాగితం అస్తరు వేసి, పైన బరువు పెట్టాను. అరగంట ఆగి బరువు తీసి, పేజీని ఇవతలికి తిప్పాను.

కన్నం చాలావరకు మూసుకుంది. నారలతోపాటు సిరా కూడా వెనక్కి వచ్చింది. కొక్కెంలాంటి వంపు, దాని కింద వాలు గీత, ఆ గీత కాళ్ళ దగ్గర కుడివైపుకు సాగిన చిన్న అడ్డగీత. మేడం ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చూశారు. క్లర్కు చూశాడు.

"రెండు" అన్నారు మేడం. "ఏడుకు కింద గీత ఉండదు. రెండే."

ఇక్కడే చెప్పేస్తాను, నాకు తరవాత మెమో వచ్చింది. రిటైరయ్యాక ఎనిమిది నెలలదాకా నా కాగితాలు కదల్లేదు. మా ఆవిడ రోజూ తిట్టేది, నేను పడేవాణ్ణి. మిగిలిన మూడు నెలలూ నేను కుట్టిన రిజిస్టర్లనే ఒక్కొక్కటీ విప్పుతూ కూర్చున్నాను. అన్నీ అవలేదు. వాటిలో ఎవరెవరి అంకెలున్నాయో నాకు తెలియదు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

ఆ రోజు మాత్రం ఆవిడ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "రెండంటే ఏటి బాబూ?" అంది.

"అంటే మీకు నాలుగేళ్ళ కిందటే రావాల్సిందమ్మా. ఈ నాలుగేళ్ళూ ఆగింది నా కుట్టు వల్ల. తప్పు నాది."

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆవిడ నా వైపు చూడనేలేదు. రిజిస్టరు మీదికి వంగి, వేలు కాగితానికి తగలకుండా పైపైన ఆడిస్తూ, రెండో తరగతి చదువుతో తన పేరు కూడబలుక్కుంది. పక్కన తండ్రి పేరు కూడబలుక్కుంది. తరవాత నేను బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్న సూది, దారం, ఉతికిన మల్మల్ గుడ్డ చూసింది.

"మళ్ళీ కుట్టేత్తావా?"

"కుట్టాలమ్మా. లేకపోతే పేజీలు పోతాయి."

"కుట్టు బాబూ. కుట్టొద్దనట్నేదు" అంది. "ఈపాలి నా మీదనుంచి కుట్టకు."